పందెం లేని ఆట

తిరుమల కొండ మీద దేవుడే ఒక భక్తుడితో పాచికలాడాడని నమ్మే ఊరు మాది. హాథీరాం బావాజీ కథ తెలియని వాళ్ళు తిరుపతిలో ఉండరు. ఉత్తరాది నుంచి వచ్చిన ఆ బైరాగి దగ్గరికి వేంకటేశ్వరుడు రాత్రిపూట వచ్చి ఆడేవాడట. ఒక రోజు స్వామి మెడలోని హారం బావాజీ దగ్గర కనబడింది. దొంగవి నువ్వే అన్నారు. కాదంటే ఈ గదినిండా ఉన్న చెరకంతా తెల్లారేలోపు తిని చూపించమన్నారు. స్వామి ఏనుగై వచ్చి ఒక్క గడ కూడా మిగల్చకుండా నమిలిపోయాడు. బావాజీ పేరు మీద వెలిసిన మఠం మహంతులే తర్వాత 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ పాలన చూశారు.

హారాన్ని స్వామి మరిచిపోయి వెళ్ళాడని కొందరు చెబుతారు, పందెంలో ఓడిపోయి ఇచ్చాడని కొందరు. రెండోదే అనుకున్నా, తగాదా వచ్చింది హారంతో, ఆటతో కాదు. భారతంలోనూ అంతే. ధర్మరాజు పాచికలు వేసినందుకు అడవుల పాలు కాలేదు. రాజ్యాన్ని, తమ్ముళ్ళని, ఆఖరికి ద్రౌపదిని పందెంలో పెట్టి, రెండోసారి ఆటలో వనవాసాన్నే పందెం కాసి ఓడినందుకు అయ్యాడు. అయినా మన ఇళ్ళల్లో పిల్లలు అరుగు మీద గవ్వలు పరిస్తే చాలు, "జూదమా? పోయి పుస్తకం తీయండి" అని ఎవరో ఒకరు కసురుతారు.

నేను చంద్రగిరి వైపు ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరుని. పిల్లల ఆటల విషయంలో నాకు రెండు రకాల తల్లిదండ్రులు తగులుతుంటారు. "ఆటలాడుకునేదానికా మేడం, బడికి పంపేది?" అని అడిగేవాళ్ళు ఒక రకం. టౌన్లో ఉండే నా చుట్టాల్లో రెండో రకం ఎక్కువ. అట్టపెట్టె మీద మెదడుకు పదును అని రాసి ఉంటే ఎంతైనా పెట్టి కొంటారు, నెల తిరక్కుండానే "పాపకి ఐక్యూ పెరిగినట్టుందా?" అని నన్ను అడుగుతారు. పైకి వీళ్ళిద్దరిదీ చెరో దారిలా ఉంటుంది గానీ, నాకు ఒకే దారిలా కనబడుతుంది. ఆట ఆడితే ఏదో ఒకటి చేతికి రావాలి, అది మార్కు కావచ్చు, ర్యాంకు కావచ్చు. రాదని మొదటివాళ్ళు వద్దంటారు, వస్తుందని రెండోవాళ్ళు కొంటారు. ఇద్దరూ ఆటలో పందెం పెట్టినవాళ్ళే.

కూర్చుని ఆడే ఆటలు పిల్లలకు చాలా నేర్పుతాయి. ఆ మాట నేను గట్టిగా చెబుతాను. కానీ పందెం తీసేసి, పెద్దవాళ్ళు పక్కన చతికిలబడి కూర్చుంటేనే నేర్పుతాయి.

ముందు లెక్కల సంగతి. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో పేద ఇళ్ళ నుంచి వచ్చిన నాలుగైదేళ్ళ పిల్లల మీద చేసిన పరీక్ష ఒకటి 2008లో అచ్చయింది. 1 నుంచి 10 దాకా అంకెలు వరుసగా రాసిన ఒక పట్టీ, కదపడానికి ఒక బిళ్ళ, అంతే ఆట. కొద్ది విడతల్లో అంతా కలిపి ఆడింది సుమారు ఒక గంట. ఆ కాస్తకే పిల్లలు రెండు అంకెల్లో ఏది పెద్దదో చెప్పడంలో, ఒక గీత మీద ఏ అంకె ఎక్కడ ఉంటుందో చూపడంలో, లెక్కపెట్టడంలో, అంకెను చూసి గుర్తుపట్టడంలో మెరుగయ్యారు. తొమ్మిది వారాలాగి మళ్ళీ చూసినా ఆ మెరుగు పోలేదు. అదే ఆటను అంకెలు లేకుండా రంగుల గళ్ళతో ఆడిన పిల్లల్లో మాత్రం ఆ మార్పు లేదు. నాకు ఇందులో ఎక్కువ నచ్చింది ఆ రంగుల సంగతే. ఆట ఆడినందువల్ల లెక్కలు రాలేదు, ఆటలో అంకెలు ఉన్నందువల్ల వచ్చాయి.

మన వైకుంఠపాళిలో ఉన్నవి అంకెలే. ముక్కోటి ఏకాదశి జాగారం రాత్రి నిద్ర ఆపుకోవడానికి ఆ పటం పరిచే ఇళ్ళు మా వైపు ఇంకా ఉన్నాయి. దాన్ని ఎలా ఆడిస్తారన్నది చిన్న విషయంలా కనబడుతుంది గానీ చిన్నది కాదు. ఒకటో తరగతి పిల్లాడి కాయ 17లో ఉంది, మూడు పడింది అనుకోండి. వాడు "ఒకటి, రెండు, మూడు" అంటూ కాయ జరుపుతాడు. 20లో దిగినా తాను 20లో ఉన్నానని వాడికి తెలియదు. అదే గడి మీదున్న అంకెను చదువుతూ "పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై" అని జరిపితే 17కి మూడు కలిపితే ఎక్కడికి వస్తామో నోటితో, వేలితో, కంటితో ఒకేసారి తెలుస్తుంది. సీగ్లరే ఎలీడా లాస్కీ అనే మరో పరిశోధకురాలితో కలిసి 100 దాకా గళ్ళున్న ఆట మీద ఇదే పరీక్షించి 2014లో ప్రచురించారు. ఉన్నచోటి నుంచి ముందుకు లెక్కపెట్టిన పిల్లలే ఎక్కువ నేర్చుకున్నారు. ప్రతిసారీ ఒకటి నుంచి మొదలుపెట్టిన వాళ్ళకు అంత లాభం లేదు. పటం అదే, కాయలు అవే, పలికే తీరు ఒక్కటే తేడా. ఆ తీరు పిల్లలకు తమంతట తాము తట్టదు. పక్కన ఒక అవ్వో, అక్కో ఉండి "పదిహేడు తర్వాత ఎంత నాయనా?" అని అనాలి.

అందుకే ఫోన్లో ఆడే లూడో అంటే నాకు గిట్టదు. కళ్ళు పాడవుతాయని కాదు, ఆ గోల వేరే. ఫోనే పాచిక వేస్తుంది, ఫోనే లెక్కపెడుతుంది, ఫోనే కాయ జరుపుతుంది, తప్పు ఎత్తు వేయనివ్వదు, తగాదా రానివ్వదు. పిల్లలు చేయాల్సిన పనులన్నీ అది చేసేసి, వేలితో తాకే పని ఒక్కటి వాళ్ళకు వదిలేస్తుంది. లూడో అసలు పచ్చీసు అనే మన పాత గవ్వల ఆట నుంచి పుట్టిందే. 1896లో ఇంగ్లండులో దానికి పేటెంటు తీసుకున్నారు. అక్కడిదాకా వెళ్ళి, తిరిగొచ్చి ఇప్పుడు మన పిల్లల ఫోన్లలో దూరింది.

వైకుంఠపాళిలో ఆలోచించేది ఏమీ ఉండదు, పడినంత జరపడమే. ఆలోచన కావాలంటే అష్టాచెమ్మా. సుద్దముక్కతో అయిదు నిలువు గళ్ళు, అయిదు అడ్డం గళ్ళు గీయండి. నాలుగు గవ్వలు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు. గవ్వలు దొరక్కపోతే చింతగింజల్ని గచ్చు మీద ఒకవైపు తెల్లగా అయ్యేదాకా అరగదీస్తే సరిపోతుంది. మా పిల్లలకు ఆ అరగదీయడమే ఒక ఆట. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అంత పందెం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది.

నాకు మూడు పడింది. ఇంటికి దగ్గరున్న కాయను పండించనా? వెనకాల కాచుకున్న శత్రువు నుంచి ఇంకో కాయను తప్పించి కట్టులోకి, అంటే చంపడానికి వీల్లేని గడిలోకి చేర్చనా? ముందున్న వాడి కాయను చంపనా? మూడో తరగతి పాప ఒకతె ఈ ఆలోచనలో పడి నాలుక బయటపెట్టి అలా ఉండిపోతుంది. పక్కవాళ్ళు "తొందరగా ఎయ్యే" అని అరుస్తున్నా పలకదు. లెక్కల పీరియడులో ఆ పాపను అంతసేపు ఒక ప్రశ్న మీద కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు.

అయిదో తరగతి వాళ్ళతో ఇంకొంచెం ముందుకు పోవచ్చు. అష్టా, చెమ్మా ఎందుకంత అరుదు, రెండు ఎందుకు మాటిమాటికీ పడుతుంది? గవ్వల బదులు నాలుగు రూపాయి బిళ్ళలు ఎగరేస్తే బొమ్మా బొరుసూ పడే తీర్లు మొత్తం 16. అందులో రెండు పడేవి 6. ఒకటికి 4, మూడుకి 4. చెమ్మాకి ఒకటి, అష్టాకి ఒకటి. ఇది పిల్లలు కాగితం మీద తామే రాసి తేల్చుకోగలరు. అయితే గవ్వ రూపాయి బిళ్ళ కాదు. దాని వీపు గుండ్రం, నోరు చదును, ఒక్కోదానిది ఒక్కో నడక. మరి మన గవ్వలు ఎలా పడుతున్నాయో వేసి చూసి రాసుకోండిరా అని వదిలేస్తే నోటుపుస్తకం నిండా నిలువు గీతలు పెట్టుకుంటారు. "ఈ గవ్వ దొంగది మేడం, ఎప్పుడూ బోర్లానే పడతాది" అని ఒకడు తేల్చాడు. సంభావ్యత అనే మాట హైస్కూల్లో వాడికి ఎదురయ్యేసరికి వాడి దగ్గర ఒక దొంగ గవ్వ ఉంటుంది.

ఇక తగాదాలు. మామూలుగా పెద్దవాళ్ళు ఆట ఆపేసేది ఇక్కడే, నాకు మాత్రం ఆటలో అసలైన చదువు ఇదే. అష్టాచెమ్మా ఆడే పద్ధతి ఇంటికో తీరుగా ఉంటుంది. ఒక కాయనైనా చంపితేనే లోపలి వరుసలోకి పోనిస్తారు కొందరు, అదేం లేదంటారు ఇంకొందరు. అష్టానో చెమ్మానో పడితే మళ్ళీ వేయొచ్చు. మూడుసార్లు వరుసగా పడితే? చెల్లదని ఒక ఇంట్లో, పండగేనని ఇంకో ఇంట్లో.

"మా అవ్వోళ్ళ పుత్తూరులో చంపకపోయినా లోపలికి పోవచ్చు."

"ఇది మీ అవ్వోళ్ళ ఊరు కాదు గదా!"

"అయితే మీ ఇంట్లో ఎట్లాడతారో చెప్పు."

"మా పలమనేరు మామ వచ్చినప్పుడు ఒక రకం, రానప్పుడు ఒక రకం."

ఈ మాటల్లో ఏం జరుగుతోందో స్విట్జర్లాండు మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే 1930లలోనే పట్టుకున్నాడు. జెనీవా, న్యూషాటెల్ పిల్లలతో గోళీలాడుతూ, ఈ ఆటకు నియమాలు ఎవరు పెట్టారు, మార్చొచ్చా అని వాళ్ళనే అడిగాడు. చిన్నవాళ్ళకు నియమం అంటే పెద్దవాళ్ళో దేవుడో ఇచ్చింది, ముట్టుకోకూడనిది. పెరిగేకొద్దీ, అందరూ ఒప్పుకుంటే నియమం మార్చుకోవచ్చని, ఒప్పుకున్నాక మాత్రం దానికి కట్టుబడాలని తెలిసివస్తుంది. పుత్తూరు పాప, పలమనేరు మామ ఉన్న పిల్లాడు అరుచుకుంటూ అరుచుకుంటూ చేరేది అక్కడికే. టీచరు మధ్యలో దూరి "ఇదీ రూలు" అని చెప్పేస్తే ఆ పని ఆగిపోతుంది. నేను చెప్పేది ఒక్కటే, గవ్వలు వేయకముందే తేల్చుకోండి అని. పెద్దలు కూడా దానికి లొంగాలి. తొండి చేసిన హెడ్మాస్టరు కాయను మళ్ళీ మొదటికి పంపే అవకాశం పిల్లలకు ఇంకెక్కడా దొరకదు.

పులి–మేక గురించి రాయడం మొదలుపెడితే ఆపలేను కాబట్టి కొంచెమే చెబుతాను. మూడు పులులు, పదిహేను మేకలు. పాత గుళ్ళ మండపాల్లో బండల మీద ఆ గీతలు చెక్కి ఉంటాయి, మా వైపు రచ్చబండల మీద బొగ్గుతోనూ గీస్తారు. ఇద్దరి బలం వేరు, ఇద్దరి పని వేరు. పులి దూకి చంపాలి, మేకలు చంపలేవు, చుట్టుముట్టి కదలనివ్వకుండా చేయాలి. మేకలన్నీ దించేదాకా ఒక్క మేకనూ జరపకూడదు. పులి పట్టినవాడు వరుసగా రెండు మేకలు మింగి ఎగురుతుంటాడు. మేకలవాడు కోపం ఆపుకుని, ఒక దాని వెనక ఒకటి సందు లేకుండా పేర్చుకుంటూ పోవాలి. ఆట అయ్యాక తప్పకుండా అటూ ఇటూ మార్చి ఆడించాలి. నిన్న పులిగా గెలిచిన పిల్లాడు ఇవాళ మేకలు పట్టుకుని "ఇది అన్యాయం" అంటాడు. అవతలివాడి వైపు నుంచి చూడమని నీతిపాఠం చెప్పాల్సిన పని లేదు.

క్లాసులో నిమిషం ఆగలేని పిల్లాడు ఆటలో తన వంతు దాకా ఆగుతాడు, ఇది టీచర్లందరికీ తెలిసిన సంగతే. రష్యా మనస్తత్వ శాస్త్రవేత్త వైగాట్‌స్కీ 1933లోనే దీని గురించి మాట్లాడాడు. ఆటలో పిల్లలు తమ మామూలు ప్రవర్తన కంటే ఒక మెట్టు పైన ఉంటారని, నియమానికి లోబడటంలోనే వాళ్ళకు ఆట సంతోషం దొరుకుతుందని ఆయన వాదన. అయితే ఆ ఓపిక ఆట ముగిశాక క్లాసులోకి కూడా వస్తుందా అంటే, కొంతమందిలో వస్తుంది, కొంతమందిలో అరుగు దగ్గరే ఆగిపోతుంది. నేను చూసినంతలో అంతే చెప్పగలను.

ఓడిపోవడం గురించి ఇళ్ళల్లో ఒక అలవాటు ఉంది. పిల్లలు ఏడుస్తారని పెద్దవాళ్ళు కావాలని ఓడిపోతారు. నాకిది నచ్చదు, పిల్లలకూ నచ్చదు, ఆరేళ్ళు దాటాక ఇట్టే కనిపెట్టేస్తారు. దానికంటే అదృష్టం ఎక్కువ పాలున్న ఆట ఎంచుకోవడం మేలు. వైకుంఠపాళిలో అయిదేళ్ళ మనవరాలు డెబ్భై ఏళ్ళ తాతను నిజంగానే ఓడించగలదు, ఎవరూ ఎవరికీ దయ చూపక్కర్లేదు. పైన పెద్ద పాము నోట్లో పడి తాత కాయ సర్రున కిందికి జారినప్పుడు ఆ ఇంట్లో లేచే కేక ఏ కంప్యూటరు ఆటలోనూ వినబడదు. తాత ఏం చేస్తాడన్నది కూడా పిల్లలు చూస్తారు. నవ్వి మళ్ళీ గవ్వలు తీసుకుంటాడా, మూతి ముడుచుకుని టీవీ పెట్టుకుంటాడా అని.

చదరంగం ఆ పని చేయలేదు. నాన్న ఎప్పుడూ గెలుస్తాడు, లేదా ఎప్పుడూ వదిలేస్తాడు. చదరంగం మంచి ఆట, నాకూ ఇష్టమే. కానీ 2024 డిసెంబరులో గుకేశ్ పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయినప్పటి నుంచి చెస్ నేర్పితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయనే మాట మరీ ఎక్కువగా వినబడుతోంది. ఇంగ్లండులో 100 ప్రాథమిక పాఠశాలల్లో ఈ మాటను సరిగ్గా పరీక్షకు పెట్టారు. కొన్ని బడుల్లో తొమ్మిది, పదేళ్ళ పిల్లలకు క్లాసు వేళల్లోనే చెస్ నేర్పారు, మిగతా బడుల్లో మామూలు చదువే. ఏడాది తర్వాత లెక్కల పరీక్ష పెట్టి చూస్తే రెండు వైపులా తేడా కనబడలేదు. చదువుల మీద పరీక్షలు చేయించే అక్కడి ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ ఈ ఫలితాన్ని 2016లో బయటపెట్టింది. చెస్ ఆడితే చెస్ వస్తుంది. అది చాలదా? కాలనీలో ఎనిమిదేళ్ళ పిల్లలు సాయంత్రం ట్యూషన్ అయ్యాక చెస్ క్లాసుకు టెన్షన్ పడుతూ పోవడం చూస్తే, ఆటను కూడా హోంవర్కు చేసేశామని ఒళ్ళు మండుతుంది.

డబ్బు పందెం పెట్టే ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, మంచిదే. ర్యాంకు పందెం మీద నిషేధం ఉండదు, దాన్ని ఎవరింట్లో వాళ్ళే మానుకోవాలి.

ఆటను చదువులోకి తెచ్చిన మంచి పని కోసం నేను దూరం పోను. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి, 2022లో జిల్లాలు విడిపోకముందు మా చిత్తూరు జిల్లాలోదే. అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు ఏకోపాధ్యాయ పల్లెబడుల కోసం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. కార్డుల్లో కొన్ని చదివేవి, కొన్ని చేసేవి, కొన్ని నలుగురూ కూర్చుని ఆడేవి. గోడ మీద ఒక నిచ్చెన పటం, తాను ఏ మెట్టు మీద ఉన్నాడో పిల్లాడికే తెలుస్తుంది, ఎవడి వేగం వాడిది. వైకుంఠపాళిలోంచి పాములు తీసేసినట్టుంటుంది ఆ పటం. ఆ పద్ధతి తమిళనాడు సర్కారు బడుల దాకా వెళ్ళింది. ఢిల్లీ నుంచి, బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ కూడా 3 నుంచి 8 ఏళ్ళ పిల్లల కోసం బొమ్మలు, పజిళ్ళు, ఆట కార్డులతో జాదూయీ పిటారా అనే పెట్టెను 2023లో తెచ్చింది. పెట్టెలు రావడం సంతోషమే. కానీ ఏ బడిలోనైనా ఆట వస్తువుకు పెద్ద శత్రువు స్టాకు రిజిస్టరే. ముక్క పోతే ఎవరు లెక్క చెప్పాలన్న భయంతో పెట్టె బీరువాలోకి పోతుంది, తనిఖీ రోజు బయటికొస్తుంది. పోతే పోనీ, పోయిన బిళ్ళ చోట చింతగింజ పెట్టండి అని పైనుంచి ఒక్క కాగితం వస్తే సగం పెట్టెలు తెరుచుకుంటాయి.

కూర్చుని ఆడే ఆటలు పరుగుకు బదులు కాదు, ఆ మాట కూడా చెప్పేయాలి. ఎండ తగ్గాక పిల్లలు కబడ్డీకి పోతామంటే గవ్వలు మూసేయాల్సిందే. మధ్యాహ్నం రెండు గంటలకు మా రేకుల షెడ్డు కాలిపోయేటప్పుడు, వానకు మైదానం చిత్తడైనప్పుడు గచ్చు మీద గళ్ళు గీస్తాం. ఆడుతున్నంతసేపు నేను ఏమీ రాసుకోను, ఆట అయ్యాక "ఇందులో ఏం నేర్చుకున్నారు?" అని అడగను. ఆ ప్రశ్న అడిగితే రేపటి నుంచి పిల్లలు జవాబు కోసం ఆడతారు.

ఇప్పుడు మా బడిలో నడుస్తున్న తగాదా ఏమిటంటే, వేసిన గవ్వ గోడకు ఆనుకుని నిలువుగా నిలబడితే పందెం ఎంత? మళ్ళీ వేయాలని అయిదో తరగతి. వేసినవాడి వంతు పోయినట్టేనని నాలుగో తరగతి. గోడకు దూరంగా గళ్ళు గీసుకుంటే పోయేదానికి ఎందుకింత గొడవ అన్న రెండో తరగతి పిల్లను ఇద్దరూ కలిసి అవతలికి పొమ్మన్నారు.